జీర్ణవస్తురక్షణము – పాఠపరిష్కరణము

శ్రీకాకుళమండలమున టెక్కలికి చేరువను, సంతబొమ్మాళి ప్రాంతమునందు, సముద్రపుటొడ్డున భావనపాడు అను పల్లె కలదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరువడసిన ఉద్దానము దీనికి ఉత్తరముగా తీరమువెంబడి వ్యాపించియున్నది. ఈ తీరమున ఉప్పుగాలికి తాళి నిలుచు వస్తువు అరుదు. ఇనుపమేకు తుప్పుపట్టి చీలిపోవును. గోడసున్నము పొరలుపొరలుగా రాలును. రాగిపై కిలుము లేచును. తాటాకు చెమ్మకు బూజుపట్టి పురుగులపాలగును. ఇట్టిచోట ప్రాచీనవస్తువొకటి శతాబ్దములు నిలుచుటయే విశేషము. నిలిచినదానిని ఇకమీదట ఎట్లు నిలుపవలెననునది ప్రశ్న. ఈ ప్రశ్న రసాయనశాస్త్రజ్ఞులకును శిల్పులకును మాత్రమే చెందినదని తలచువారు పెక్కురు. విచారించి చూడగా ఇది మొట్టమొదట విమర్శకుని ప్రశ్నయని తేలును. ఏది మూలము, ఏది ప్రక్షిప్తము, కాలము చేర్చినదేది, కాలము హరించినదేది అని నిర్ణయింపక ఏ వస్తువును బాగుచేయ వీలులేదు. తాళపత్రప్రతులనుండి కావ్యమును పరిష్కరించు పండితుడును, కిలుముపట్టిన తామ్రశాసనమును శుద్ధిచేయు సంరక్షకుడును ఒకే గురుకులమున చదువదగినవారు. అయినను ఆ ఇరువురిలో మొదటివాడు నేర్చిన నియమము రెండవవానికి, అందును విశేషముగా జీర్ణోద్ధరణమను పేర పాతవానిని క్రొత్తగా చేయువారికి, ఇంకను పూర్తిగా పట్టుబడలేదు. దానివలన కలుగుచున్న నష్టమును తెలిసికొనుటకు ఈ ప్రాంతపు వస్తువులే చాలును.

సంతబొమ్మాళి పేరు చరిత్రపరిశోధకులకు తామ్రశాసనములవలన పరిచితము. తూర్పుగాంగవంశపు ఇంద్రవర్మ గాంగశకము 87వ వత్సరమున ఒసగిన దానశాసనము ఈ యూరిపేరనే వ్యవహరింపబడుచున్నది. టెక్కలి పేరు వహించిన గాంగశాసనములును కలవు. నరసన్నపేట ప్రాంతమునకు చెందిన నడగాము శాసనమును, అనగా శకవర్షము 979 నాటి వజ్రహస్తుని దానపత్రమును, గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటమున ప్రకటించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ముఖలింగదేవాలయపు రాతిమీది లిపులను స్వయంకృషిచే నేర్చిన ఆ పండితుడు కళింగచరిత్రకు చేసిన ఉపకారము సామాన్యము కాదు. గాంగశకము ఎన్నడు ఆరంభమయ్యెనను విషయము చిరకాలము వాదగ్రస్తమై యుండెను. క్రీస్తుశకము అయిదవ శతాబ్దము చివరనని పెక్కురు అంగీకరించుటకు ఈ రాగిరేకులలోని మాస, తిథి, గ్రహణములే ఆధారములు. అట్టి ఆధారము తరచుగా కడపటి రేకుపైనున్న ఒకటి రెండు పదములలోనో, ఒక అంకెలోనో యుండును. ఆ అంకె చెడినచో ఒక రాజు ఒక తరము ముందునకో వెనుకకో జరుగును. వానితోపాటు ఒక దేశచరిత్ర జరుగును.

తామ్రశాసనమును చేసినవారే దాని రక్షణమును తలంచిరి. రేకుల అంచులను కొంచెము ఎత్తుగా మలచుట పెక్కింట కానవచ్చును. రేకు రేకుతో రాచుకొన్నపుడు అంచులు తగులునుగాని అక్షరములు తగులవు. సాధారణముగా మొదటి రేకునకు లోపలివైపు మాత్రమే వ్రాయుదురు. వెలుపలివైపు ఉత్తదై అట్టవలె కాపాడును. రంధ్రములగుండ కడియము చొనిపి, కొనలను రాజముద్రలో అతికించుటవలన ఒక రేకు తీసి మరియొకటి చేర్చుటకు వీలులేదు. కావుననే శాసనపరిష్కర్తలు కడియము తమచేతికి వచ్చుసరికి తెగియున్నదా, ప్రతిబింబములు తీయుటకై తామే కోయించిరా అను సంగతిని తప్పక వ్రాయుదురు. కడియము తెగకుండుట ఒక సాక్ష్యము. ఇది చూడ స్వల్పవిషయము. కాని దానపత్రము నిజమైనదా, కూటశాసనమా అను విచారమున ఇదియే ప్రధానమగును.

ఇట్టి వస్తువు పొలము దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో దొరకినచో మొదట జరుగునది ఏమి? ఇంటికి తెచ్చి చింతపండుతో తోముట. ఇత్తడిబిందెకును రాగిచెంబునకును ఉచితమగు ఈ సంస్కారము శాసనమునకు మృత్యువు. ఏలయన, నేలలో శతాబ్దములున్న రాగికి పైపొర కొంత కిలుముగా మారిపోవును. చెక్కిన అక్షరపు అసలు అంచు పెక్కుచోట్ల లోహములో గాక ఆ కిలుములోనే నిలిచియుండును. చింతపండులోని ఆమ్లము కిలుమును కరగించునపుడు అక్షరమునుగూడ కరగించును. రేకు తళతళలాడును, శాసనము అలుకుకొనిపోవును. పూర్వశాసనమును సుత్తితో అణచి అదేరేకుపై మరల చెక్కిన ఉదాహరణములును కలవు. అట్టివానిలో అణగిన పాతగీతల జాడలే పరిశోధకునకు నిధి. మెఱుగుపెట్టుటతో ఆ జాడ శాశ్వతముగా పోవును.

అట్లని కిలుమునంతయు ముట్టకుండ విడుచుటయు తగదు. సముద్రతీరపు రాగికి ఒక విశేషమైన రోగము కలదు. ఉప్పులోని క్లోరైడు రాగితో చేరి యుండగా చెమ్మయు గాలియు తగిలినపుడు ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లము మరల రాగిని తినును. మరల క్లోరైడు ఏర్పడును. లేతపచ్చని పొడి మచ్చలుమచ్చలుగా రాలుచుండుట దీని చిహ్నము. పైకి శాంతముగా కనబడు ముదురుపచ్చని కిలుము కాపాడుపొర. ఈ పొడికిలుము మ్రింగుపొర. ఈ రెంటిని వేరుచేసి చూడగల కన్నే సంరక్షకుని విద్యకు మూలము. పరిష్కర్త సాధుపాఠమును దుష్టపాఠమునుండి వేరుచేయుటకును దీనికిని భేదమేమి? భూతద్దముక్రింద సన్నని పనిముట్టుతో రోగపుమచ్చను మాత్రమే తొలగించుట, శుద్ధజలముతో ఉప్పును కడుగుట, బెంజోట్రయజోల్ అను ద్రవ్యముతో లోహమును శాంతపరచుట, పిమ్మట చెమ్మను పీల్చు సిలికాజెల్ ఉంచిన మూతపెట్టెలో భద్రపరచుట నేటి పద్ధతి. మదరాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో 1930వ సంవత్సరమున రసాయనశాల ఏర్పడినపుడు ఎస్. పరమశివన్‌గారు కంచువిగ్రహములను విద్యుత్ప్రవాహముచే శుద్ధిచేసిరి. ఆనాడు అది లోకమంతట మాన్యమైన మార్గము. కిలుములోనే అసలు ఉపరితలము దాగియుండునని గ్రహించిన తరువాత ఆ మార్గమును మితముగా వాడుట ఆచారమయ్యెను. శాస్త్రము ఇట్లు తన్ను తాను దిద్దుకొనుచుండును. కావుననే నేటి సంరక్షకుడు రేపటివానికి చోటు విడిచి పనిచేయవలెను.

ఇక లుప్తమైన భాగమునుగూర్చి. శాసనములను ముద్రించువారికి ఒక ధర్మము కలదు. చెడియు గుర్తింపదగిన అక్షరమును చదరపుకుండలీకరణమున ఉంచుదురు. పూర్తిగా పోయినదాని స్థానమున చుక్కలు పెట్టుదురు. చెక్కినవాడు చేసిన తప్పును తప్పుగానే ముద్రించి, దిద్దుబాటును ప్రక్కన చూపుదురు. చదువరి పరిష్కర్తతో ఏకీభవింపకున్నను మూలమును తానే చూచినట్లుండును. ఈ చుక్కలు చూడ పేదగా కనబడును. కాని వానిలో గొప్ప నిజాయితీ కలదు. “ఇచ్చట ఉండినది తెలియదు” అని చెప్పుట తెలిసినట్లు నటించుటకంటె చరిత్రకు వేయిరెట్లు మేలు.

పూరణము ఎన్నడును చేయరాదా? ఆంధ్రసాహిత్యమే దీనికి ఉత్తరము చెప్పుచున్నది. అరణ్యపర్వము నాల్గవ ఆశ్వాసమున శారదరాత్రివర్ణనమువద్ద నన్నయ రచన ఆగిపోయెను. చిరకాలమునకు పిమ్మట ఎఱ్ఱన, శరద్దినవర్ణనముతో అందుకొని, పర్వమును పూరించెను. కృతిని తనకు ఆశ్రయమిచ్చిన రాజునకు గాక నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునికే అంకితముగా నిలిపెను. నన్నయ రచనయే అనిపించునట్లు సాగించెను. అయినను పర్వాంతమున ఆ శేషము తన పూరణమేనని ప్రకటించెను. అతుకు కంటికి ఒరసికొనదు. వెదకినవానికి దొరకకను పోదు. పోతన భాగవతము మరియొక ఉదాహరణము. శిథిలమైన భాగములను పూరించినట్లు సంప్రదాయము చెప్పు కవులలో గంగన పంచమస్కంధమునను, ఏర్చూరి సింగన షష్ఠస్కంధమునను, వెలిగందల నారయ ఏకాదశద్వాదశస్కంధములయందును తమతమ పేళ్ళను నిలిపికొనిరి. పోతనపేర చెలామణి చేయగల అవకాశముండియు చేయలేదు. పూరించువాడు మూలకర్త ధోరణికి లొంగవలెను, పూరించితినని ఒప్పుకొనవలెను. ఈ రెండు నియమములును అయిదాఱు శతాబ్దములకు పూర్వమే తెలుగుకవులు ఆచరించి చూపినవి.

ఇటలీదేశమున 1939లో రోమునగరమందు స్థాపితమైన సంరక్షణసంస్థకు అధ్యక్షుడైన చేజరే బ్రాంది ఇదేధర్మమును చిత్రలేఖనమున ప్రవేశపెట్టెను. రంగు రాలిపోయిన చోటును సన్ననినిలువు గీతలతో నింపుదురు. దూరమునుండి చూచువానికి బొమ్మ నిండుగా కనబడును; దగ్గరకుపోయి చూచినచో గీతలు గీతలుగానే కనబడి, ఇది తరువాతివారి పని అని తెలుపును. ఇది ఎఱ్ఱనమార్గమే.

ఈ నియమమును మఱచినపుడు ఏమగునో చూపుటకు రెండు ప్రసిద్ధోదాహరణములు చాలును. నిజాముప్రభుత్వము 1920వ సంవత్సరప్రాంతమున అజంతాచిత్రములను కాపాడుటకై ఇటలీనుండి లొరెంజో చెక్కోని మున్నగు నిపుణులను రప్పించెను. ప్రభుత్వపు ఉద్దేశము శ్లాఘ్యము. గోడనుండి ఊడిపోవుచున్న పూతను వారు అతికించి నిలిపిరి, అదియు శ్లాఘ్యమే. కాని రంగులపై పూసిన లక్కపూత కాలక్రమమున పసుపువారి ముదిరి, ఏ చిత్రములను వెలయింపదలచెనో వానినే మరుగుపరచెను. తరువాతివారు ఆ పూతను తొలగించుటకు దశాబ్దములు శ్రమపడవలసివచ్చెను. రెండవది అమరావతి. మదరాసునకు చేరిన అమరావతీశిలాఫలకములను ప్రదర్శనశాలగోడలలో సిమెంటుతో బిగించిరి. అప్పటికి అది దృఢమైన కట్టడమని తోచెను. సిమెంటులోని లవణములు చెమ్మతో సున్నపురాతిలోనికి ప్రవేశించి, ఎండినపుడు స్ఫటికములై ఉబ్బి, శిల్పపు పైపొరను రాల్చును. శుద్ధజలమున తడిపిన కాగితపుగుజ్జును పట్టువేసి ఉప్పును వెలుపలికి లాగుట ఒక చికిత్స. కాని సిమెంటుతో అంటిన రాతిని నొప్పింపక విడదీయుట మహాకష్టము. ఈ రెండుచోట్లను పనిచేసినవారు శత్రువులు కారు, అజ్ఞానులును కారు. తిరిగి తీయుటకు వీలులేని పని చేయుటయే వారి లోపము.

తిరిగి తీయదగిన మరమ్మతు అను భావము ఈ తీరమునకు క్రొత్తది కాదు. తూర్పుతీరమున మసూలాపడవలను ఇనుపమేకులు లేకుండ, బల్లలను కొబ్బరిత్రాటితో కుట్టి కట్టెడివారు. అలల తాకిడికి మేకుపడవ పగులును. కుట్టుపడవ వంగి నిలుచును. త్రాడు చివికినపుడు కుట్లువిప్పి మరల కుట్టుదురు. బల్లకు హాని లేదు. బలహీనమైనది త్రాడుగా నుండవలెను, బల్లగా నుండరాదు అనునదే ఆ శిల్పపు రహస్యము. దేవాలయపు రాతిగోడకు సున్నపుగచ్చు అట్టి త్రాడు. అది రాతికంటె మెత్తనిది, చెమ్మను లోనుండి వెలికి పోనిచ్చునది, కాలమునకు తానే చివికి రాతిని కాపాడునది. దానిస్థానమున సిమెంటు దట్టించినచో గచ్చు నిలుచును, రాయి రాలును. రాళ్ళ నడుమ ఇనుపబంధము వేసినచో ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉబ్బి, ఆ ఇనుమే రాతిని చీల్చును.

ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టును. దేవాలయము ప్రదర్శనశాల కాదు, అది జీవించుచున్నది. ఆగమములు జీర్ణోద్ధరణమును విధించినవి. భిన్నమైన బింబమును మార్చుమన్నవి. తాళపత్రగ్రంథమును సయితము పూర్వులు వస్తువుగా పూజింపక, శిథిలమైనపుడు క్రొత్తప్రతి వ్రాసి పాతదానిని ఏటిలో విడిచిరి. పాఠము నిలిచిన చాలుననుకొనిరి. ఈ ఆక్షేపము బలముగలది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. టెక్కలి చేరువ రావివలసయందలి ఎండల మల్లికార్జునుడు దీనికి సాక్షి. ఆ మహాలింగము పైకప్పులేక ఎండలోనే యున్నది; స్వామిపేరే ఎండవలన వచ్చినది. రాతికి ఎండవాన తగులరాదను శాస్త్రమొక్కటే తెలిసిన సంరక్షకుడు దానికి కప్పు వేయుమనును. వేసినచో రాయి మిగులును, ఎండల మల్లికార్జునుడు మిగులడు. వస్తువుయొక్క అర్థము ఎచ్చటనున్నదో తెలియక దానిని కాపాడబూనుట, ఛందస్సు తెలియక పద్యమును దిద్దుటవంటిది.

కాని ఈ ఆక్షేపమునకు హద్దు కలదు. పూజావిధి బింబమును మార్చవచ్చునన్నదిగాని, శాసనమున్న కంబముపై సున్నము కొట్టుమనలేదు; అక్షరమున్న రాతిని ఇసుకచిమ్మి నునుపుచేయుమనలేదు. ముఖలింగ శ్రీకూర్మముల శాసనములు దక్షిణభారతశాసనముల సంపుటములలోనికి ఎక్కుటకు కారణము, ఆ రాళ్ళు అంతవరకు చదువదగియుండుటయే. ఇక గ్రంథములను ఏటిలో విడిచిన పూర్వులు, విడుచుటకు ముందు క్రొత్తప్రతి వ్రాసికొనిరి. ఆ ప్రతి వ్రాయుటను మానుకొని విడుచుటను మాత్రము నిలుపుకొనిన కాలమున పూర్వాచారమును ప్రమాణముగా చూపుట న్యాయము కాదు. లేఖకులు గ్రంథాంతమున వ్రాయు ఆచారశ్లోకమొకటి, తన్ను నూనెనుండి, నీటినుండి, వదులుకట్టునుండి కాపాడుమనియు మూర్ఖునిచేతికి ఈయవలదనియు పుస్తకమే వేడికొనునట్లు చెప్పును. ఇంతకంటె క్లుప్తమైన సంరక్షణసూత్రములు ఏ దేశమందును అరుదు. నేడు ఎండి విరుగు తాటాకునకు నిమ్మగడ్డినూనె పూయుచున్నారుగదా, ఆ శ్లోకము తప్పాయని కొందఱు శంకింతురు. తప్పు కాదు. శ్లోకము వారించినది దీపపునూనె, చేతిజిడ్డు మున్నగు మరకపెట్టి దుమ్ముపట్టించు స్నేహములను. నిమ్మగడ్డినూనె ఆకును మెత్తపరచి, పురుగును తోలి, తాను ఆవిరియై పోవును. అదియు మితిమీరినచో దోషమే. వదులుకట్టును వారించుటలోని సూక్ష్మత మరియు గొప్పది: వదులైన కట్టులో ఆకులు కదలి అంచులు విరుగును, నడుమ చెమ్మయు రామబాణపుపురుగును చొరబడును. గట్టికట్టు ఆకులను బల్లలనడుమ వంకరపోకుండ పట్టును.

ఈ విచారమంతయు నేడు ఏల అవసరమనగా, ఈ తీరము వేగముగా మారుచున్నది. 2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీతుపాను ఉద్దానపు తోటలను నేలగూల్చెను. ఇండ్లకప్పులు లేచిపోయిన ఆ రాత్రివంటి రాత్రులలో అటకమీది తాళపత్రములకు రక్షణమెక్కడిది? మొదట భావనపాడు పేర తలపెట్టబడిన నౌకాశ్రయమునకు 2023 ఏప్రిల్ 19న మూలపేటయందు శంకుస్థాపన జరిగెను. నౌకాశ్రయమనగా బాటలు, పునాదులు, మట్టిత్రవ్వకములు. గాంగరాజుల దానగ్రామములున్న నేలలో గునపము దిగినచోట నెల్ల రాగిరేకు దొరకునని కాదు; దొరకినచో దానిని మొదట చూచువాడు పండితుడు కాడు, కూలివాడు. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో జిల్లాకలెక్టరునకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిక్షేపచట్టము విధించుచున్నది. చట్టము తెలుపుమన్నదిగాని తోమవలదని చెప్పలేదు. ఆ మాటను పాఠశాలలును, గ్రామసభలును, పనిచేయించు గుత్తదారులును చెప్పవలెను. దొరకినదానిని కడుగరాదు, వంచరాదు, కడియము కోయరాదు. దొరకినచోటిని గుర్తించి, మట్టితోకూడ పొడిగుడ్డలో చుట్టి అప్పగింపవలెను. ఇంతమాత్రము చేసిన కూలివాడు మొదటి సంరక్షకుడు, ప్రయోగశాలలోనివాడు రెండవవాడే.

మొత్తముమీద, సంరక్షణమునకు గీటురాయి అందము కాదు. బాగుచేసిన పిమ్మట వస్తువు ఎంత క్రొత్తగా నున్నదని అడుగుట దాని ఆయువును ప్రశ్నించుట. మూలమెంత మిగిలినది, చేర్చినది చేర్చినట్లు తెలియుచున్నదా, రేపు మరియొకడు దానిని విప్పి సరిచేయవీలున్నదా అని అడుగుట విమర్శ. సాహిత్యపరిశోధకులు కావ్యముద్రణమున ఈ మూడు ప్రశ్నలనే చిరకాలముగా అడుగుచున్నారు. పాఠభేదములు చూపని పరిష్కరణమును, కల్పితపాఠమును మూలమని ముద్రించినదానిని నిర్దయగా ఖండించుచున్నారు. అదే నిర్దయత్వమును రంగుపూసిన గోపురముపట్లను, సున్నముక్రింద మునిగిన శాసనస్తంభముపట్లను, తోమి మెఱయించిన తామ్రపత్రముపట్లను చూపుట వారి కర్తవ్యములోనిదే. గాంగరాజుల లేఖకుడు రేకు అంచును ఎత్తుగా మలచినది అక్షరము అరుగకుండుటకే. పదునాలుగు శతాబ్దముల పిమ్మట దానిని అరగదీయుటకు ఆతని వారసులకు హక్కు లేదు.